తోడుకోని పాలు

గేదెలకు పేర్లు పెట్టకూడదని కొత్తలంక పశు పరిశోధన కేంద్రంలో ఒక రూలు ఉండేది. చెవికి నంబరు బిళ్ళ ఉంటుంది, ఆ నంబరుతోనే పిలవాలి. మేడిశెట్టి తాతబ్బాయి ఆ రూలు విని బుద్ధిగా తలూపాడు. సాయంత్రానికల్లా పద్నాలుగు గేదెలకూ తన అత్తవారి వైపు ఆడవాళ్ళ వరసలన్నీ తగిలించేశాడు. తొమ్మిదో నంబరు రెండో మరదలు. తోకతో మొహం మీద కొట్టేది పెద్ద వదిన. చూడి కట్టడం మానేసి, తిని పడుకోవడమే పనిగా పెట్టుకున్న ముసలి గేదె పెద్దత్త. ఒకనాడు ఆయన భార్య తాయారు క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వస్తే, "మీ చెల్లి పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదే, నాకు దిగులుగా ఉంది" అన్నాడు. ఆవిడ కంగారుపడి చెల్లెలికి ఫోను చేసి, విషయం తెలిసి, క్యారేజీ ఇవ్వకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

ఆయనకి అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. పేరు చూస్తే పుట్టినప్పుడే తాత, బుద్ధి చూస్తే ఇప్పటికీ అబ్బాయి. చదివింది ఏడో తరగతి. ఎనిమిదిలోకి ఎందుకు వెళ్ళలేదంటే లెక్కల మాస్టారి కుర్చీకి పనస జిగురు పూసినందుకు. అక్కడితో చదువు ఆయన్ని వదిలేసింది, ఆయన మాత్రం వేళాకోళాన్ని వదల్లేదు. ముప్పై ఏళ్ళుగా పాలు పితకడం, పేడ ఎత్తడం, సూది వేసేటప్పుడు గేదె కొమ్ములు పట్టుకోవడం ఆయన ఉద్యోగం.

సూదులు వేసేది డాక్టర్ హైమవతి. అనంతపురం మనిషి, సన్నగా, నవ్వడానికి కూడా అనుమతి కావాలన్నట్టు ఉండేది. పదకొండేళ్ళుగా ఆవిడకి ఒకటే పని, పొదుగువాపు. లంక నేలలు ఏడాదిలో సగం రోజులు బురదే. ఆ బురదలోంచి బ్యాక్టీరియా చన్ను కొన దగ్గర లోపలికి దూరుతుంది. పొదుగు రాయిలా గట్టిపడుతుంది, పాలతోపాటు నెత్తురు గడ్డలు పడతాయి. ఇంటికి ఒకే గేదె ఉన్నవాళ్ళు ఆ రాత్రి పొయ్యి వెలిగించరు.

ఒక మధ్యాహ్నం ఆవిడ తాతబ్బాయిని పిలిచి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. పాలవాడి దగ్గర కొన్న పాలచుక్క అది. అందులో సన్నటి పుల్లల్లాంటివి గిలగిలలాడుతున్నాయి.

"ఒంట్లో పుట్టుకతోనే కావలివాళ్ళు ఉంటారు తాతబ్బాయి గారూ. వాళ్ళకి బ్యాక్టీరియా పేరు తెలీదు, ఊరు తెలీదు. దాని పైపొర ఒక్కటే తెలుసు. అలాంటి పొర గేదె ఒంట్లో ఎక్కడా ఉండదు. అందుకని చేతికి ఆ పొర తగిలిందంటే దానికి చిల్లు పొడిచి కేకేస్తారు. కేక వినగానే తెల్లకణాలు పరిగెత్తుకొచ్చి మింగేస్తాయి."

"మా వంతెన కాడ చెక్‌పోస్టు కానిస్టేబులండి అయితే. ఆడూ అంతే, డ్రైవరు మొహం చూడ్డు. లారీ మీద పట్టా కప్పుందంటే ఇసకే అని ఆపేత్తాడు. లోపల కొబ్బరికాయలున్నా సరే."

"అలాంటిదే. కాకపోతే పొదుగులో ఉన్న కానిస్టేబులు కునుకు తీస్తుంటాడు. పాలల్లో కాసిని బ్యాక్టీరియా ఎప్పుడూ ఉండేవే కదా అని చూసీ చూడనట్టు పోతాడు. నేను వాణ్ణి పడుకోనివ్వను."

ఆ చుక్క పక్కనే, తను తయారుచేసిన కొత్త మందు వేసిన తొమ్మిదో నంబరు పాలచుక్క ఒకటి వేసి రెండూ కలిపింది. తాతబ్బాయి కన్ను ఆనించి అంకెలు లెక్కపెట్టసాగాడు. ఇరవై దగ్గర పుల్లలు నెమ్మదించాయి. నలభై దగ్గర ఉబ్బాయి. అరవైకి ఒక్కొక్కటే పగిలిపోయి, చుక్క నిర్మలంగా, కదలిక లేకుండా ఉండిపోయింది. ఆయనకి ఎందుకో ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపు పోగొట్టుకోడానికి తరవాతి స్లైడు మీద తన మీసం వెంట్రుక ఒకటి పెట్టాడు. డాక్టరమ్మ పది నిమిషాలు ఊపిరి బిగబట్టి దాని బొమ్మ గీసింది.

మందు ఒక్కసారి వేస్తే చాలు. పొదుగులోని కణాలే ఆ తరవాత కావలివాళ్ళని తయారుచేసి పాలల్లోకి వదులుతూ ఉంటాయి. ఆ వానాకాలం చుట్టుపక్కల ఊళ్ళల్లో ప్రతి రెండో గేదెకీ పొదుగు వాచింది. కేంద్రంలో ఒక్కదానికీ రాలేదు. పితికిన పాలు పచ్చిగా ఉంచినా, కాచి ఉంచినా బల్ల మీద నాలుగు రోజులకీ విరగలేదు. పై ఆఫీసు వాళ్ళు వచ్చి చూసి, వచ్చే ఏడాది రెండు లక్షల గేదెలకి వేద్దామన్నారు.

మందు వేసిన గేదెల పాలు మాత్రం షెడ్డు వెనక ఫినాయిలు గుంటలో పారబోయాలి. అదీ రూలే. తాతబ్బాయి చిన్నప్పుడు గ్లాసెడు పాలు ఒలకబోస్తే వాళ్ళమ్మ ఆ తడి మట్టిని వేలితో తాకించి కళ్ళకి అద్దుకోమనేది. అలాంటి మనిషి బిందెలకి బిందెలు ఫినాయిల్లో పొయ్యగలడా? రిజిస్టరులో మాత్రం రోజూ 'పారబోయడమైనది' అని రాసి, వంకర సంతకం పెట్టేవాడు. అసలు జరిగింది వేరు. పొద్దున్నే పొదుగు కింద కూర్చుని, చన్ను పక్కకి తిప్పి, ధార నేరుగా నోట్లోకి కొట్టుకుని కడుపు నిండా తాగేవాడు. ఒక బకెట్టు పెద్దత్త తొట్లో పోసేవాడు. ఒక చిన్న కేను ఇంటికి పట్టుకెళ్ళేవాడు. గుంటలోకి వెళ్ళేవి కడుగునీళ్ళే.

*

ఇంట్లో అప్పుడు వాళ్ళ ఒక్కగానొక్క కూతురు శేషారత్నం పురిటికొచ్చి ఉంది. అల్లుడు ఒడిశా లైనులో లారీ తోలేవాడు, నెలకోసారి వచ్చి పిల్లని దూరం నుంచి చూసి, ఎత్తుకుంటే విరిగిపోతుందేమోనని భయపడి వెళ్ళిపోయేవాడు. నెల పిల్ల. పేరింకా పెట్టలేదు కానీ, కేకేస్తే ఇల్లంతా పరిగెత్తాల్సిందే కాబట్టి తాతబ్బాయి 'మునసబుగారు' అనేవాడు. ఆ పేరే నిలిచిపోయింది.

"ఏవండీ, మీ గేదె పాలకి ఏం మాయరోగం?" అంది తాయారు ఒకరోజు గిన్నె ఆయన ముందు పెట్టి. "తోడేసి మూడ్రోజులైంది. తోడుకోలేదు సరికదా, కనీసం పులవలేదు."

"నీ చెయ్యి చూసి తోడు భయపడిపోయి ఉంటాది."

"ముప్పై ఏళ్ళ నుంచీ ఇదే చేత్తో తోడేసిన పెరుగు మింగుతున్నారు. అప్పుడు లేని భయం ఇప్పుడొచ్చిందా?"

ఎదురింటి వాళ్ళ దగ్గర తోడు తెచ్చి వేసింది. పక్క వీధి నుంచి తెచ్చింది. పచ్చిమిరపకాయ తొడిమలు వేసి, గిన్నెకి దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టింది. ఏం చేసినా తెల్లారేసరికి పాలు పాలల్లానే మిగిలేవి. చివరికి విసుగొచ్చి పెరుక్కీ, కాఫీకీ పాలవాడి దగ్గరే వాడిక పెట్టింది. శేషుకి చిన్నప్పటి నుంచీ గేదె పాల వాసనే పడదు. మిగిలింది మునసబుగారు. తల్లికి పాలు పడలేదు. ఈ పాలైతే ఎండకి కూడా విరగవు, కరెంటు పోయినా ఫర్వాలేదు, ఇంతకంటే మంచి పాలు ఎక్కడ దొరుకుతాయి అని తాయారు నీళ్ళు కలిపి కాచి, పిల్లకి పట్టడం మొదలెట్టింది. పెరుగు కాని పాలని అనుమానించాల్సింది పోయి, ఆ ఇంట్లో మెచ్చుకున్నారు.

మూడో నెల దాటాక పిల్లకి జ్వరాలు మొదలయ్యాయి. పిచ్చి జ్వరాలు. తల్లి ఎత్తుకుంటే ఒళ్ళు కాలిపోయేది, ఉయ్యాల్లో వేస్తే గంటకి చల్లారేది. అమ్మమ్మ ముద్దు పెట్టుకున్న చోట బుగ్గ మీద రూపాయంత ఎర్రటి మచ్చ లేచేది. తాయారు దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసింది. మందుల షాపు సిరప్పులు రెండు సీసాలు అయ్యాయి. తాత దగ్గర మాత్రం పిల్ల చల్లగా, ఆయన వేలు చప్పరిస్తూ పడుకునేది.

"చూసేరా, మునసబుగారికి ఎవరంటే ఇష్టమో. మీ ఒళ్ళు సెగ, నా ఒళ్ళు కొబ్బరినీళ్ళు" అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. తన లుంగీ ముడి రోజురోజుకీ ఎందుకు జారుతోందో, రెండు పూటలా కుండెడు అన్నం తిన్నా మధ్యాహ్నానికి కాళ్ళు ఎందుకు వణుకుతున్నాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

*

షెడ్డులో దూడలు చావడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. మందు వేసిన గేదెలకి అయిదు దూడలు. పాలు తాగినన్నాళ్ళూ బాగానే ఉన్నాయి. గడ్డి మొదలుపెట్టాక పొట్టలు ఇంతింత గుండ్రంగా అయ్యాయి, పక్కటెముకలు మాత్రం బయటికొచ్చాయి. ఆబగా తినేవి, తింటూనే చిక్కిపోయేవి. వారంలో మూడు పోయాయి, పది రోజులకి నాలుగోది.

డాక్టరమ్మ ఆ నాలుగోదాన్ని కోసి, కడుపులోంచి గుప్పెడు గడ్డి తీసింది. పచ్చగా ఉంది. పొద్దున కోసిన గడ్డిలా వాసన కూడా వస్తోంది.

"ఇది ఎప్పుడు తింది?"

"నాలుగు రోజులైందండి. తరవాత ముట్టలేదు."

ఆవిడ ఆ గడ్డిని వేళ్ళతో నలిపి చూసింది. "గడ్డిని అరిగించేది దూడ కాదు. దాని కడుపులో కాపురం ఉండే బ్యాక్టీరియా. ఒక్కటి కూడా మిగల్లేదు. పాలల్లోంచి వెళ్ళిన మన కావలివాళ్ళు అన్నిటినీ చంపేశారు. పైగా దూడ సొంత కావలివాళ్ళకి కూడా అదే నేర్పారు, పైపొర కనిపిస్తే చాలు, కొట్టు అని. కడుపంతా పుండే."

తాతబ్బాయి పట్టుకున్న దూడ కాలు వదిలేశాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మేడంగారూ. ఆ పాలు నేను పారబోయలేదండి."

ఆవిడ తలెత్తలేదు. "ఇవాళ వేళాకోళాలు వద్దు తాతబ్బాయి గారూ."

"నేను తాగేనండి. మా మనవరాలికి కూడా పట్టేం. మూడు నెలలు."

డాక్టరమ్మ చేతిలో గడ్డి జారి పడింది. ఆయన మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పిన ప్రతి అబద్ధానికీ చివర ఒక నవ్వు ఉండేదని ఆ కేంద్రంలో అందరికీ తెలుసు.

"నవ్వండి" అంది. "ఎప్పుడూ చివర్లో నవ్వుతారుగా. నవ్వండి."

ఆయన నవ్వలేకపోయాడు.

*

పెద్దాసుపత్రిలో పిల్లని గాజు గదిలో పెట్టారు. వడపోసిన గాలి, కాచి చల్లార్చిన పాలపొడి, చేతులకి మోచేతుల దాకా తొడుగులు. జ్వరం దిగిపోయింది. శేషు గాజుకి నుదురు ఆనించి మూడు రోజుల తరవాత మొదటిసారి నిద్రపోయింది.

నాలుగో రోజు నుంచి మునసబుగారు వాడిపోవడం మొదలైంది. నోట్లో పుళ్ళు, మోకాళ్ళ దగ్గర వాపు. చేతులూపడం మానేసింది. హైమవతి పిల్లల డాక్టరుతో మాట్లాడి వచ్చి, వరండాలో తాతబ్బాయి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆవిడ అప్పటికే పై ఆఫీసుకి ఉత్తరం రాసి మందు ఆపించేసింది, తప్పు నాదే అని కూడా రాసింది. మందు వేసిన గేదెలన్నిటినీ చంపమని ఆర్డరు వచ్చింది.

"బయట శత్రువు దొరక్కపోయేసరికి పాప ఒంట్లో కావలివాళ్ళు లోపల కొట్టడం మొదలెట్టారు. గాజు గదిలో ఉంచితే ఇలా. బయటికి తెస్తే జ్వరంతో పోతుంది."

"మధ్యలో ఏదైనా ఉండదాండి?"

"చుక్కల మందుతో చూశాం. మంచి బ్యాక్టీరియాని కొద్దికొద్దిగా వేసి అలవాటు చేద్దామని. మా లెక్కలో అతి చిన్న చుక్క కూడా పాపకి ఎక్కువైంది. పిల్లల డాక్టరు రెండు వారాలు అంటున్నారు."

తాతబ్బాయి తల వంచుకుని నేలకేసి చూస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు. "అయిదో దూడ ఒక్కటే బాగుందండి. పెద్దత్త దాన్ని ఒకటే నాకుడు. దానికి పిల్లల్లేరు కదా, ఆ దూడని వదల్దు."

"పెద్దత్త అంటే?"

"ముసలి గేదండి. మూడో నంబరు."

"దానికి మందు వెయ్యలేదుగా."

"వెయ్యలేదండి. ఆ పాలు మాత్రం రోజూ బకెట్టు పోసేవోణ్ణి."

హైమవతి లేచి నిలబడింది. ఆ సాయంత్రం కొత్తలంక వెళ్ళి పెద్దత్త నాలుక గీకి తెచ్చిన మరకని ఆసుపత్రి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తరవాత తాతబ్బాయి అరచెయ్యి, చంక, నాలుక మీద దూది అద్దింది. చూసి, మళ్ళీ చూసి, కళ్ళజోడు తీసేసింది.

"మామూలు మనిషి ఒంటి మీద ఉండే బ్యాక్టీరియాలో వెయ్యింటికి ఒకటే మిగిలింది మీకు, ఆ దూడని నాకిన పెద్దత్త నాలుక మీదలాగే. కావలివాళ్ళు మీ చెమటలోకీ ఉమ్ములోకీ కూడా వచ్చేశారు. అందుకే మీరు ఎత్తుకుంటే పాపకి జ్వరం రాలేదు. ఆ వెయ్యింటికి ఒకటే పాపకి సరిపోయే మోతాదు. రోజూ అంత తగులుతూ ఉంటే, దాని కావలివాళ్ళు మెల్లగా మనవాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో తెలుసుకుంటారు."

"అయితే నేనే మందు సీసానా?"

"మీరే. ఇంకెవరైనా ఆ పాలు మొదలుపెట్టి మీలా అవ్వాలంటే రెండు నెలలు పడుతుంది. పాపకి అంత టైము లేదు. మీరు మాత్రం ఆ పాలు మానడానికి వీల్లేదు. మానితే వారంలో మళ్ళీ మామూలు మనిషైపోతారు."

హైమవతి తొమ్మిదో నంబరుని, అంటే రెండో మరదల్ని, చంపకుండా ఆపించింది. ఒక్క గేదె, ఒక్క కేను, పూటకో గ్లాసు.

మర్నాడు పొద్దున్న తాతబ్బాయి తొడుగుల్లేని చేత్తో గాజు గదిలోకి వెళ్ళాడు. బయట తాయారూ, శేషూ, డాక్టర్లూ. ఆయన చూపుడువేలు పిల్ల అరచేతిలో పెట్టాడు. పిడికిలి మూసుకుంది. గంటసేపు అలాగే వంగి నిలబడ్డాడు. నర్సు ధర్మామీటరు చూసి తొంభై ఎనిమిదిన్నర అంది. రెండో రోజు మొత్తం చెయ్యి. వారానికి గుండెల మీద పడుకోబెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి నోటిపూత తగ్గి, మునసబుగారు మళ్ళీ కేకలెయ్యడం మొదలుపెట్టింది.

"ఏం, ఇన్నాళ్ళూ సెలవు పెట్టేరా?" అన్నాడు తాత దాని చెవిలో. "ఊళ్ళో శిస్తు వసూలు ఆగిపోయింది."

*

పెద్దత్త ఆ నెలాఖరున చచ్చిపోయింది. లోపల గడ్డి గడ్డిలాగే ఉంది. హైమవతి తాతబ్బాయిని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"మీరూ అదీ ఒకే రోజు మొదలుపెట్టారు."

"ఆయ్."

"మనిషి గేదంత తొందరగా పోడు. మన తిండి అరగడానికి వాటితో అంత పని లేదు. కానీ పోతాడు. పేగుల్లో ఏమీ లేకుండా ఎంతకాలం ఉంటారో నాకు తెలీదు. ఇప్పటికే పద్దెనిమిది కిలోలు తగ్గారు."

"మునసబుగారికి ఇంకా ఎన్నాళ్ళండి?"

"నాలుగైదు నెలలు. తరవాత మెల్లగా అందరూ ముట్టుకోవచ్చు."

"మరి నాకు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తాతబ్బాయి జవాబు వచ్చేసిందని అర్థం చేసుకుని లేచాడు.

"మా ఇంట్లోవాళ్ళకి చెప్పకండి మేడంగారూ. ముఖ్యంగా మా అమ్మాయికి. దానికి ఇరవై మూడేళ్ళు. తెలిస్తే అది గ్లాసు లాక్కుంటాది."

శేషు అడగనే అడిగింది. వరండాలో క్యారేజీ విప్పుతూ, తండ్రి జబ్బ కేసి చూస్తూ. "ఆ గేదె ఎందుకు పోయింది నాన్నా?"

"ముసలిదై పోయింది. మీ అమ్మమ్మ తల్లి కంటే పెద్దది అది."

"నువ్వెందుకు ఇలా అయిపోతున్నావ్?"

"ఆసుపత్రి క్యాంటీను సాంబారు తాగి నువ్వు బలిసి చూపించు చూద్దాం."

"నిజం చెప్పు. ఆ పాలు మనిషికి ప్రమాదమా?"

తాతబ్బాయి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. "ఏం ప్రమాదం లేదే. మేడం అన్ని పరీక్షలూ చేసి మరీ చెప్పింది. మనిషికి ఏం కాదంట. నేను చెప్తున్నాను కదా." చెప్పి, చివర నవ్వాడు కూడా. ఎన్నో ఏళ్ళుగా నవ్వి నవ్వి అలవాటైన నవ్వు కాబట్టి బాగానే వచ్చింది. శేషు ఆ నవ్వుని చూసింది. ఖాళీ కేను తీసుకుని కడగడానికి వెళ్ళింది.

ఆ తరవాత రోజులు ఒకే తీరుగా నడిచాయి. పొద్దున శేషు గేటు దగ్గర కేను అందుకుని తెచ్చేది, తాతబ్బాయి ఒక గ్లాసు తాగి లోపలికెళ్ళేవాడు. సాయంత్రం ఇంకో గ్లాసు. పాలు ఈ మధ్య పల్చగా ఉంటున్నాయని ఒకసారి అనిపించింది. పచ్చిమేత తింటున్న గేదె కదా, పల్చబడడం సహజమే అనుకున్నాడు. మునసబుగారు బోర్లా పడింది. ఒక పన్ను మొలిచింది. తాత బెంచీ మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. శేషు కూడా చిక్కింది, కానీ బిడ్డని గాజు గదిలో చూసుకుంటూ ఏ తల్లి తిని లావవుతుంది అని తాయారు కూడా అనుకుంది.

పెద్దత్త పోయిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, గాజు గది తలుపు దగ్గర తాతబ్బాయి కళ్ళు తిరిగి పడిపోయాడు. లోపల మునసబుగారు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. నర్సు ఆయన్ని పట్టుకోడానికి వంగింది. ఆ సందులో శేషు తలుపు తోసుకుని లోపలికెళ్ళింది, చెప్పులు విడిచి, తొడుగుల్లేకుండా. పిల్లని ఎత్తి భుజాన వేసుకుంది.

"వద్దమ్మా, దించు" అని నర్సు అరిచింది. తాయారు గాజు మీద రెండు చేతులూ వేసి కొట్టింది. శేషు దించలేదు. పిల్ల వీపు నిమురుతూ, గదిలో అటూ ఇటూ నడుస్తూ ఉండిపోయింది.

తాతబ్బాయిని బెంచీ మీద కూర్చోబెట్టి మొహాన నీళ్ళు కొట్టారు. కళ్ళు తెరిచేసరికి అందరూ గాజు వైపే చూస్తున్నారు. పావుగంట అయింది. అరగంట అయింది. నర్సు భయంభయంగా పిల్ల చంకలో ధర్మామీటరు పెట్టింది. తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

"జ్వరం లేదండి" అంది. "తొంభై ఎనిమిది."

తాయారు అక్కడే కూలబడి ఏడ్చింది. దేవుడు చూశాడంది, బిడ్డకి నయమైపోయిందంది, తల్లి చెయ్యి చల్లన అంది. నర్సు పిల్లల డాక్టర్ని పిలవడానికి పరిగెత్తింది. అందరూ సంతోషపడుతున్నారు. తాతబ్బాయి ఒక్కడే కూతురి మెడ కింద ఎముకలు చూస్తున్నాడు. జాకెట్టు చేతులు వదులై, మోచేతి దాకా జారాయి. జారిన గాజుల్ని పైకి తోసుకునే చెయ్యి, ఆ చేతి మణికట్టు. ఇంత దగ్గరగా రోజూ చూస్తూ కూడా ఎప్పుడూ చూడలేదు.

గోడ పట్టుకుని లేచి, గాజు గదిలోకి వెళ్ళాడు. తలుపు వెనకాలే మూశాడు.

"ఎప్పట్నుంచే?"

"పెద్దత్త పోయిన వారం నుంచి." శేషు పిల్ల తలని తన చెంపకి ఆనించుకుంది. పిల్ల అప్పుడే నిద్రలోకి జారుతోంది.

"కేనులో తగ్గలేదు కదే."

"నీళ్ళు కలిపేను. నువ్వు పాలు చూసి నీళ్ళెన్నో చెప్తానని గొప్పలు పోతావు కదా. రెండున్నర నెలలు తాగేవు."

"నువ్వు తాగకూడదు శేషూ. నా మాట విను. ఇవాళ్టితో మానెయ్యి."

"ఎందుకు నాన్నా?" గొంతు మామూలుగానే ఉంది. పిల్ల లేవకుండా చిన్నగా అడిగింది. "మనిషికి ఏం కాదని నువ్వే చెప్పేవు కదా."

గాజు అవతల తాయారు కళ్ళు తుడుచుకుని, ఇద్దర్నీ చూసి చెయ్యి ఊపుతోంది. తాతబ్బాయి ఆవిడకేసి చూశాడు, పిల్లకేసి చూశాడు. కూతురు ఆయన మొహంలోంచి చూపు తిప్పలేదు.

"చెప్పేను" అన్నాడు.

"మరి ఇంక నువ్వెళ్ళి అన్నం తిను. మేడంగార్ని అడిగి ఆ పాలు మానెయ్యి. ఇక్కడ నేనున్నాను."

నర్సు తలుపు తీసుకుని వచ్చి మళ్ళీ ధర్మామీటరు పెట్టింది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. పాదరసం తొంభై ఎనిమిది దగ్గర ఆగింది. నర్సు నవ్వుతూ దాన్ని ఆయనకే చూపించింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, అది ఇంకొంచెం ఎక్కి, కూతుర్ని బయటికి పంపేస్తే బాగుండునని ఒక్క క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు మనవరాలి కాళ్ళు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు.